డాలెక్కిన పిట్టలు

1578 ఆగస్టులో, దక్షిణ అమెరికా కొస దగ్గర, ఫ్రాన్సిస్ డ్రేక్ అనే ఇంగ్లీషు నావికుడు తన ఓడకు పేరు మార్చాడు. అంతవరకూ దాని పేరు పెలికాన్. పెలికాన్ అంటే మన గూడబాతే. సూళ్లూరుపేట దగ్గర నేలపట్టులో చెట్ల మీద గుంపులుగా కాపురాలు పెట్టే ఆ సంచిమూతి పక్షే. మనకది చేపలు తినే పిట్ట. ఐరోపా వాళ్లకు మాత్రం త్యాగమూర్తి. ఆకలితో అలమటించే పిల్లల కోసం ముక్కుతో రొమ్ము చీల్చుకుని నెత్తురు తాగిస్తుందని వాళ్ల పాత నమ్మకం. అలా క్రీస్తుకు ప్రతీకై చర్చి గోడల మీదికెక్కింది, అక్కణ్ణుంచి డాళ్ల మీదికెక్కింది. కేంబ్రిడ్జిలో ఒకటి, ఆక్స్‌ఫర్డులో ఒకటి ఉన్న కార్పస్ క్రిస్టీ కాలేజీలకు నేటికీ అదే గుర్తు.

అంత పుణ్యాత్మురాలి పేరు పెట్టుకున్న ఓడ ఏ పని మీద బయల్దేరిందయ్యా అంటే, స్పెయిన్ వాళ్ల వెండిని కొల్లగొట్టడానికి. సగం దారిలో డ్రేక్‌కు సిగ్గేసి పేరు మార్చాడనుకునేరు. సంగతి వేరు. ఆ యాత్రకు డబ్బు పెట్టిన పెద్దల్లో క్రిస్టఫర్ హాటన్ ఒకడు. ఆయన వంశ లాంఛనం బంగారు లేడి. ఆయన దగ్గర కార్యదర్శిగా పనిచేసిన థామస్ డౌటీ అనే పెద్దమనిషి కూడా ఆ యాత్రలో ఉన్నాడు. తిరుగుబాటు నేరం మోపి డ్రేక్ జూలైలో అతని తల తీయించాడు. తీయించాక, లండన్‌లో ఉన్న హాటన్ గారి మొహం గుర్తొచ్చింది కాబోలు, ఆగస్టులో పెలికాన్ కాస్తా గోల్డెన్ హైండ్ అయింది. త్యాగాన్ని దింపేసి వాటాదారుణ్ని ఎక్కించాడన్నమాట. బంగారు లేడి అనగానే మనకు మారీచుడు గుర్తొస్తాడు. వీళ్ల లేడి మారీచుణ్ని మించిపోయింది. మరుసటి మార్చిలో పసిఫిక్ సముద్రంలో స్పెయిన్ వెండి ఓడనే మింగి కూర్చుంది.

ఐరోపా వంశ లాంఛనాల మీద ఎన్ని పుస్తకాలున్నాయో లెక్కలేదు. ఏ పక్షికి ఏ గుణమో పట్టికలు వేసి మరీ చెబుతాయి. గద్ద అంటే శౌర్యం. డేగ అంటే పట్టుదల. హంస అంటే సంస్కారం. గుడ్లగూబ అంటే జాగరూకత. కోడిపుంజు అంటే పోరాట పటిమ. పిసినారితనానికి పక్షి లేదు. కౌలు రైతుల్ని వెళ్లగొట్టడానికి లేదు. మేనల్లుడి ఆస్తి కాజేయడానికి లేదు. ఆ పట్టికల్ని నమ్మితే ఎనిమిది వందల ఏళ్లలో ఐరోపా ప్రభువుల ఇళ్లలో ఒక్క దుర్గుణం కూడా పుట్టలేదు.

నేను మాత్రం ఆ పుస్తకాల్ని తలకిందులుగా పట్టుకుని చదువుతాను. డాలు మీద ఏ పక్షి ఉందో చూస్తే, ఆ డాలు పట్టుకున్నవాడికి ఏది లేదో తెలిసిపోతుంది.

అసలు మొదలు చూడండి. 12వ శతాబ్దంలో యుద్ధానికెళ్లే ఐరోపా సర్దారు తల నుంచి కాలిదాకా ఇనుములో దూరేవాడు. ఎవడు మనవాడో ఎవడు పగవాడో పోల్చుకోవడమే కష్టం. అందుకని డాలు మీద దూరానికి కనబడేట్టు ఓ బొమ్మ వేసుకున్నాడు. ఆ బొమ్మ పని అంతే. దాంట్లో తత్వమూ లేదు, వేదాంతమూ లేదు. తర్వాత ఆ బొమ్మలు తండ్రి నుంచి కొడుక్కి వచ్చాయి, వాటి లెక్కలు రాయడానికి హెరాల్డులనే వందిమాగధులు వచ్చారు, 1484లో వాళ్లకు ఇంగ్లండులో కాలేజ్ ఆఫ్ ఆర్మ్స్ అని ఓ సంస్థే ఏర్పడింది. గుణగణాల సాహిత్యం ఆ పైన పుట్టింది. జాన్ గిల్లిమ్ 1610లో వేసిన లావుపాటి గ్రంథంలో ఒక్కో జంతువుకూ ఒక్కో నీతి. 1898లో సిసిల్ వేడ్ అనే ఆయన లాంఛనాల ప్రతీకార్థాలకే ఒక పుస్తకం అంకితం చేశాడు. అంటే బొమ్మ ముందు, భాష్యం తర్వాత. ఇనప టోపీలు మ్యూజియం చేరాక కూడా భాష్యం ఆగలేదు. నిజానికి అప్పుడే ఊపందుకుంది.

ఈ భాష్యకారుల ధైర్యానికి హద్దుల్లేవు. ఇంగ్లండు రాజు ఎడ్వర్డ్ ది కన్ఫెసర్ 1066 జనవరిలో పోయాడు. అప్పటికి లాంఛనాలే పుట్టలేదు. అయినా 13వ శతాబ్దంలో ఆయనకో డాలు కేటాయించారు. ఒక శిలువ, చుట్టూ అయిదు పిట్టలు. చచ్చిపోయిన మనిషికి పిండం పెట్టడం విన్నాం గానీ డాలు పెట్టడం వాళ్ల దగ్గరే చూశాం.

ఆ పిట్టల పేరు మార్ట్‌లెట్. దానికి కాళ్లుండవు. ఆకాశంలోనే తిరిగే ఒక రకం పిట్టను చూసి, అది నేల మీద వాలదు కాబట్టి కాళ్లే లేవని తేల్చేశారు. ఇంగ్లీషు పద్ధతిలో ఈ కాళ్లు లేని పిట్ట నాలుగో కొడుక్కి గుర్తు. ఎందుకో చెప్పుకోండి. భూములన్నీ పెద్దకొడుక్కి పోతాయి. నాలుగో వాడి దాకా చారెడు నేల కూడా మిగలదు. నేల లేనివాడికి కాళ్లెందుకని కాళ్లు కోసిన పిట్టనిచ్చారు. పైగా ఇదేదో గౌరవమన్నట్టు, రెక్కల బలంతో స్వయంకృషితో పైకి రమ్మని దీవెన. మన వైపు అన్నదమ్ముల పంపకాల్లో కొట్లాటలవుతాయి, కోర్టులకెక్కుతారు, సరిహద్దు రాళ్లు రాత్రికి రాత్రి జరుగుతాయి. కానీ వాటా ఎగ్గొట్టి చేతిలో పిట్టబొమ్మ పెట్టి, ఇది నీ ప్రతిష్ఠ అని చెప్పే తెలివి మన పెద్దన్నలకు ఇంకా రాలేదు.

ఇక గద్ద. పక్షుల్లో దీని రాజకీయమే పెద్దది. లాంఛనంలో గద్దను నిలబెట్టే పద్ధతే విచిత్రం. పొట్ట చూపిస్తూ, రెక్కలు చెరో పక్కకు విప్పి, కాళ్లు ఎడంగా చాపి, తల మాత్రం పక్కకు తిప్పి ఉంటుంది. తందూరీ పొయ్యిలోకి వెళ్లబోయే కోడిని ఎప్పుడైనా దగ్గర్నుంచి చూశారా? అచ్చం అదే భంగిమ. దీన్ని చూసి పగవాళ్లు హడలిపోవాలని వాళ్ల ఉద్దేశం. ఒక తల చాలదనుకున్న వాళ్లు రెండు పెట్టారు. పవిత్ర రోమన్ సామ్రాజ్యానికి 1433 నుంచి జంట తలల గద్ద. 1497 నాటి ముద్ర మీద రష్యా పాలకుడు మూడో ఇవాన్ కూడా దాన్నే ఎక్కించాడు. ఒక తల తూర్పు చూస్తుందట, ఇంకో తల పడమర చూస్తుందట. కాళ్ల కింద ఉన్న జనాన్ని చూడ్డానికి మూడో తల పెట్టాలన్న ఆలోచన ఏ చక్రవర్తికీ రాలేదు. తలలు రెండున్నా మేత దిగేది ఒకే పొట్టలోకి. కాకుల్ని కొట్టి గద్దలకు వేయడం అనే మన మాటకు ఇంతకంటే మంచి బొమ్మ ఎవరూ గీయలేరు.

మనమూ తక్కువ తినలేదు లెండి. మన గండభేరుండానికీ రెండు తలలే. విజయనగర రాజు అచ్యుతదేవరాయలు వేయించిన నాణేల మీద చూడండి, ముక్కుల్లో ఏనుగులు, గోళ్లలో ఏనుగులు. ఏనుగుల్ని అల్పాహారంలా ఎత్తుకుపోయే పక్షి. బేలూరు గుడిలో శిల్పి ఈ వరసను మొదటి నుంచీ చెక్కాడు. జింకను కొండచిలువ మింగుతుంది, దాన్ని ఏనుగు, ఏనుగును సింహం, సింహాన్ని శరభం, శరభాన్ని గండభేరుండం. ఆ శిల్పి మొహమాటపడలేదు. ధర్మం, దయ, సంస్కారం అని పక్కన ఏమీ రాయలేదు. ఎవణ్ని ఎవడు తింటాడో వరస పెట్టి చూపించాడు. లండన్ హెరాల్డులు ఎనిమిది వందల ఏళ్లు కష్టపడి దాచిన రహస్యం మన దగ్గర రాతి మీద బహిరంగంగా ఉంది. మైసూరు ఒడెయార్లు ఆ పక్షినే తీసుకున్నారు, ఇవాళ కర్ణాటక ప్రభుత్వ ముద్ర మీదా అదే ఉంది.

నెపోలియన్ 1804లో చక్రవర్తి అవతారం ఎత్తేటప్పుడు ఏ గుర్తు పెట్టుకోవాలా అని సభ కూర్చుంది. సలహాదారులు కోడిపుంజు అన్నారు. ఫ్రాన్సు నేల పాతపేరుకూ లాటిన్‌లో కోడిపుంజుకూ పోలిక ఉంది, అందుకని. నెపోలియన్ కొట్టిపారేశాడు. కోడిలో బలం లేదు, ఇంత సామ్రాజ్యానికి కోడి ఏమిటని గద్దను పట్టుకున్నాడు. పాపం ఆయన భీమవరం సంక్రాంతి చూడలేదు. మన కుక్కుట శాస్త్రం ముందు యూరపు లాంఛన శాస్త్రం దిగదుడుపు. ఈకల రంగును బట్టి జాతి, తిథిని బట్టి బలం, ఏ దిక్కు నుంచి బరిలోకి దించాలో కూడా రాసి ఉంటుంది. పైగా అందులో నిజాయితీ ఉంది. పందెం ఓడిన కోడికి శౌర్యచిహ్నం అనే బిరుదు ఇవ్వరు, కూర వండుతారు. నెపోలియన్ గద్ద 1815లో వాటర్లూలో కూలింది. 1830 కల్లా ఫ్రాన్సు సైనికుల గుండీల మీదికి కోడిపుంజు తిరిగొచ్చింది. ఇప్పుడు ఫుట్‌బాల్ జట్టు చొక్కాల మీద కూస్తోంది.

గద్ద కథల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైంది అమెరికాది. రాజులొద్దు, వంశాలొద్దు అని తిరగబడి స్వతంత్రం తెచ్చుకున్న దేశం. తెచ్చుకోగానే చేసిన పనేమిటంటే, రాజముద్ర ఎలా ఉండాలని మీటింగులు పెట్టడం. 1776లో మొదటి కమిటీ, తర్వాత రెండోది, మూడోది. ఆరేళ్లు కొట్టుకుని 1782 జూన్ 20న తెల్లతల గద్దను ఖాయం చేశారు. ఒక కాలిగోళ్లలో బాణాలు, ఇంకో కాలిగోళ్లలో ఆలివ్ కొమ్మ. యుద్ధం, శాంతి, రెండూ సిద్ధం, మీకేం కావాలో మీ ఇష్టం అన్నట్టు.

బెంజమిన్ ఫ్రాంక్లిన్‌కు ఇది మింగుడుపడలేదు. 1784 జనవరి 26న పారిస్ నుంచి కూతురికి ఉత్తరం రాస్తూ ఆ గద్ద గుట్టు విప్పాడు. అది శీలం లేని పక్షి. సొంతంగా కష్టపడదు. ఎండు కొమ్మ మీద కూర్చుని, చేపల డేగ నీళ్లలోకి దూకి చేపను పట్టుకునేదాకా చూస్తుంది. ఆ డేగ చేపను గూటికి తీసుకుపోతుంటే వెంటపడి లాక్కుంటుంది. ఇంతా చేసి పిరికిది, పిచ్చుకంత పిట్ట తరిమితే పారిపోతుంది. దీనికంటే టర్కీకోడి నయం, కాస్త వెర్రిదీ డాబుదీ అయినా ధైర్యం ఉన్నది అన్నాడు. జనం ఈ టర్కీ ముక్కనే జోకుగా చెప్పుకుంటారు, అసలు సంగతి వదిలేస్తారు. ఫ్రాంక్లిన్ మండిపడింది గద్ద మీద కాదు. యుద్ధంలో పనిచేసిన అధికారులు కొందరు ఓ సంఘం పెట్టుకుని, గద్దబొమ్మ పతకం తగిలించుకుని, ఆ గౌరవం తమ పెద్దకొడుకులకు వారసత్వంగా వెళ్లాలని నియమం పెట్టారు. అది చూసి ఆయనకు ఒళ్లు మండింది. చైనాలో కొడుకు గొప్పవాడైతే గౌరవం పైకి, తల్లిదండ్రులకు వెళుతుంది, పెంచినవాళ్లు వాళ్లు కాబట్టి. మీరేమిటి కిందికి పంపుతున్నారు, పుట్టబోయే మనవడు ఏం చేశాడని అని ఉతికి ఆరేశాడు. వారసత్వాల మీద ఇంత పదునైన మాట మళ్లీ రాలేదు. ఈ ఉత్తరాన్ని తెలుగు చేసి మన పార్టీ ఆఫీసుల గోడలకు అంటించాలని నాకో కోరిక. వారసుల ఫ్లెక్సీల మధ్య చోటు దొరికితే.

అమెరికా తన గద్దను ఎంత ముద్దు చేసిందో కూడా వినండి. అలాస్కాలో 1917 నుంచి మూడు దశాబ్దాలకు పైగా ఆ గద్దను చంపి తెచ్చినవాడికి సర్కారే బహుమానం ఇచ్చింది. సాల్మన్ చేపలు తినేస్తోందట. లక్షకు పైగా గద్దలకు డబ్బులు ముట్టజెప్పారు. అంటే ఆ డబ్బు అక్షరాలా గద్ద బొమ్మ ఉన్న డబ్బు! గద్ద బొమ్మనిచ్చి గద్ద శవాన్ని కొన్నారు. ఆ తర్వాత డీడీటీ వచ్చింది. మందు తిన్న చేపల్ని తిన్న గద్దల గుడ్ల పెంకులు పలచబడి, పొదుగుతుంటేనే చిట్లిపోయాయి. 1963 నాటికి అలాస్కా, హవాయి మినహా మిగిలిన దేశంలో గూళ్లు కట్టే జంటలు 417. డీడీటీ నిషేధించాక కోలుకుని 2007లో ముప్పు జాబితా నుంచి బయటపడ్డాయి. ఇంతకాలం అది జాతీయ పక్షి అనే అందరూ అనుకున్నారు. తీరా చూస్తే ఆ మేరకు చట్టమే లేదు. 2024 డిసెంబరులో తీరిగ్గా చట్టం చేశారు. ఇంకో ముక్క. సినిమాల్లో ఆ గద్ద కనబడగానే గుండెలు జల్లుమనే కేక వినిపిస్తుంది కదా, చాలాసార్లు అది దాని గొంతు కాదు, ఎర్రతోక డేగ గొంతు. గద్ద అసలు కూత సన్నగా కీచుమంటుంది. జాతి గౌరవం కోసం డబ్బింగ్ చెప్పించారు. మన హీరోయిన్లకు చెప్పించడం లేదా, అదీ అంతే.

సామ్రాజ్యాలు పోయినా గద్దలు పోలేదు, ఉద్యోగాలు మారాయంతే. ఆస్ట్రియాలో 1919లో ఒక తల తీసేసి, గోళ్లలో ఒకవైపు కొడవలి, ఇంకోవైపు సుత్తి పెట్టి, నెత్తిన కోటగోడ కిరీటం తగిలించారు. రైతూ సంతోషించాలి, కూలీ సంతోషించాలి, పట్నం షావుకారూ సంతోషించాలి. క్రెమ్లిన్ గోపురాల మీది గద్దల్ని 1935లో స్టాలిన్ దింపించి నక్షత్రాలు పెట్టించాడు. 1993లో రష్యా సర్కారు ముద్ర మీదికి అదే జంట తలల గద్ద, అదే కిరీటాలతో హాయిగా వచ్చి కూర్చుంది. పోలండు గద్ద నెత్తి మీది కిరీటాన్ని కమ్యూనిస్టులు ఊడబీకారు, 1990లో తిరిగి పెట్టారు. అందరికంటే జర్మన్లు నాకు నచ్చారు. వాళ్ల పార్లమెంటు గోడ మీద లుడ్విగ్ గీస్ అనే శిల్పి 1953లో చేసిన గద్దకు జనం పెట్టుకున్న ముద్దుపేరు బొద్దుపెట్ట. రెండు ప్రపంచ యుద్ధాలు అయ్యాకగానీ గద్దలో కోడిపెట్టను చూసే తెలివి రాలేదు, ఏం చేస్తాం.

కొన్ని పక్షుల అర్థాలు మన పొలిమేర దాటగానే తిరగబడతాయి. లాంఛనాల్లో ఒంటికాలి మీద నిలబడ్డ కొంగ ఒకటి ఉంది. ఎత్తిపట్టిన కాలిలో ఓ రాయి. కునుకు తీస్తే రాయి జారి పడి మెలకువ వస్తుందట, కనుక అప్రమత్తతకు ప్రతీక అట. ఒంటికాలి కొంగను చూస్తే మన ఊళ్లో పసిపిల్లాణ్ని అడిగినా దొంగ జపం అంటాడు. ఆ కొంగ మెలకువగా ఉందన్నది నిజమే. ఎవరి కోసమో చేపల్ని అడగాలి. ఆ డాలున్న ప్రభువుల ఊళ్లలో రైతుల్ని అడిగినా ఫర్వాలేదు.

బేరాలకు వద్దాం. స్ట్రాట్‌ఫర్డులో తోలు చేతితొడుగులు కుట్టి అమ్ముకునే జాన్ షేక్‌స్పియర్‌కు 1596లో వంశ లాంఛనం మంజూరైంది. వెనక నుంచి నడిపించింది లండన్ నాటకాల్లో డబ్బు సంపాదించిన కొడుకు విలియం అని అందరూ అనుకుంటారు. డాలు మీద ఏటవాలుగా ఓ ఈటె. పైన రెక్కలు విప్పిన తెల్ల డేగ, ఒక కాలితో ఈటెను నిటారుగా పట్టుకుని. డేగ ఈటె పట్టుకుని ఏ యుద్ధానికి వెళుతుందో అడక్కండి. కింద ఫ్రెంచి భాషలో ఓ మాట, హక్కు లేకుండా కాదు అని. ఎవరూ అడక్కముందే హక్కుందని చెప్పుకున్నారంటే భయం ఎంతుందో చూడండి. అప్పట్లో డేగలకూ అంతస్తులుండేవి. 1486లో అచ్చయిన బోక్ ఆఫ్ సెయింట్ ఆల్బన్స్ అనే పుస్తకంలో ఎవరు ఏ వేటపక్షిని పెట్టుకోవాలో జాబితా ఉంది. చక్రవర్తికి గద్ద దగ్గర మొదలై మెట్లు దిగుతూ పోతుంది. అదే పుస్తకంలో లాంఛనాల అధ్యాయం కూడా ఉంది. వర్ణవ్యవస్థ మన దగ్గరే ఉందని బాధపడేవాళ్లు అది ఒకసారి చూడాలి, వాళ్లు పక్షులకు కూడా పెట్టారు.

తొడుగులవాడికి డేగ ఇవ్వడమేమిటని తోటి హెరాల్డు రాల్ఫ్ బ్రూక్‌కు కడుపు మండింది. 1602లో, అలగాజనానికి లాంఛనాలు అమ్ముతున్నారంటూ ఇరవై మూడు పేర్లతో ఫిర్యాదు చేశాడు. అందులో షేక్‌స్పియర్ ఒకడు, పక్కన నాటకాలవాడు అని ఈసడింపు. మంజూరు చేసిన విలియం డెథిక్ తన పని సక్రమమేనని బల్లగుద్దాడు. ఆ తగవులో న్యాయం ఎవరిదో నాకనవసరం. నాకు నవ్వొచ్చేది ఇంకోటి. ఇవాళ బ్రూక్ డాలు మీద ఏ పిట్ట ఉందో చెప్పమంటే లండన్‌లోనే నూటికి తొంభైతొమ్మిది మంది నోరు తెరుస్తారు. చేతితొడుగుల వాడి డేగను మాత్రం ప్రపంచమంతా టికెట్టు కొని చూసి వస్తోంది. నాటకాలు రాశాడు కాబట్టి. డేగ వల్ల కాదు.

డేగకు కష్టకాలం కూడా వస్తుంది. ఎనిమిదో హెన్రీ రాణి ఆన్ బొలీన్ గుర్తు కిరీటం పెట్టుకున్న తెల్ల డేగ. 1536లో రాణి తల తీశారు. ఆ వెంటే రాజభవనాల్లో ఆమె డేగల్ని చెక్కి, పీకి పారేసే పని మొదలైంది. కొత్త రాణి జేన్ సీమోర్‌ది మంటల్లోంచి లేచే ఫీనిక్స్. వడ్రంగులకు చేతినిండా పని. ఏ పక్షికి ఏ అర్థమో వాళ్లకెవరైనా చెప్పారో లేదో, ఏ వారం ఏ పక్షిని చెక్కితే మెడ మీద తల ఉంటుందో మాత్రం బాగా తెలిసి ఉంటుంది. ఈ మధ్య ఇంగ్లండులో ఒక వేలంపాటలో నల్లగా మసిపట్టిన చెక్క పిట్టను ఒక వ్యాపారి 75 పౌండ్లకు కొన్నాడు. శుభ్రం చేస్తే ఆన్ బొలీన్ డేగ బయటపడింది.

ఇప్పటికీ ఈ వ్యాపారం మూడు పువ్వులు ఆరు కాయలు. లండన్ కాలేజ్ ఆఫ్ ఆర్మ్స్‌లో కొత్తగా లాంఛనం కావాలంటే రుసుము వేల పౌండ్లు. అంత స్తోమత లేనివాళ్లకు నెట్‌లో దుకాణాలున్నాయి. ఇంటిపేరు టైపు చేస్తే చాలు, మీ వంశపు డాలు కాఫీ మగ్గు మీద అచ్చువేసి పంపుతారు. ఇంటిపేరుకు లాంఛనం అంటూ ఉండదు, అది వ్యక్తికి, అతని వారసులకు మాత్రమేనని ఆ కాలేజీ వాళ్లు మొత్తుకుంటూనే ఉన్నారు. మగ్గులు అమ్ముడవుతూనే ఉన్నాయి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవాళ్లు ఈ దుకాణాలకు కొత్త చిక్కు తెచ్చిపెట్టగలరు. కాకి వారు, గద్దె వారు, కోళ్ల వారు, కొంగర వారు, పిట్టల వారు, గువ్వల వారు, నెమలికంటి వారు. పేరులోనే పక్షి ఉంటే దాన్నే డాలు మీద వేయడం వాళ్ల సంప్రదాయమే. కానీ కాకి వారు ఆర్డరిస్తే నిజంగా కాకిని గీసి పంపే గుండెధైర్యం ఆ దుకాణంలో ఎవరికుంది? గద్దను పంపి, ఇది మీ పూర్వీకుల శౌర్యానికి ప్రతీక అని రాస్తారు. మనవాళ్లు గోడకు తగిలిస్తారు కూడా.

ఇంతవరకూ నవ్వుకున్నాం. ఇప్పుడు అసలు లెక్క. డాలెక్కిన పిట్టకు ఆయుష్షు తక్కువ. గూడబాతు దగ్గరికే వద్దాం. అమెరికాలో లూసియానా రాష్ట్రం జెండా మీద రొమ్ము చీల్చుకుని ముగ్గురు పిల్లల్ని సాకుతున్న గూడబాతు ఉంది. పెలికాన్ రాష్ట్రమనే మారుపేరు కూడా. పొలాల నుంచి, ఫ్యాక్టరీల నుంచి నదిలో కలిసిన పురుగుమందులకు అక్కడి గోధుమరంగు గూడబాతులు 1960ల మొదట్లోనే తుడిచిపెట్టుకుపోయాయి. చివరిసారి గూళ్లు కనబడింది 1961లో. 1966లో లూసియానా శాసనసభ ఏం చేసిందంటే, గోధుమరంగు గూడబాతును రాష్ట్ర పక్షిగా ప్రకటించింది. అప్పటికి రాష్ట్రంలో ఆ పక్షులు గూడు కట్టడమే లేదు. 1968 నుంచి ఫ్లోరిడా నుంచి పిల్లల్ని అరువు తెచ్చి పెంచారు. 2006లో మళ్లీ పెద్ద చర్చ. గూడబాతు బతుకు గురించి కాదు, జెండా మీద దాని రొమ్మున నెత్తురు బొట్లు ఎన్ని ఉండాలని. మూడు అని చట్టం చేశారు. 2010లో సముద్రంలో చమురు బావి పేలింది. కళ్లు తప్ప ఒళ్లంతా జిడ్డు చమురు కారుతూ ఒడ్డున కదల్లేక కూర్చున్న గూడబాతు ఫోటోలు ప్రపంచమంతా చూసింది. దాని ఒంటి మీద ఎన్ని బొట్లుండాలో చట్టం ఏమీ చెప్పలేదు.

నేలపట్టులో ఆ పక్షి పిల్లకు మేత పెట్టడం చూస్తే నెత్తురు కథ గుట్టు తెలిసిపోతుంది. తల్లి ముక్కు కిందికి వంచి సంచిని రొమ్ముకు ఆనిస్తుంది. పిల్ల తన తలను, మెడను తల్లి గొంతులోకి దాదాపు భుజాల దాకా దూర్చి, సగం అరిగిన చేపల్ని కక్కించుకుని తింటుంది. బయటికొచ్చిన మొహం నిండా జిగురు. చూడ్డానికి పవిత్రంగా ఏమీ ఉండదు. ఇక త్యాగం మాటంటారా, ఆ పక్షి ఊరికి ఇచ్చేది మాత్రం ఒకటుంది. రెట్ట. చెరువులో పడిన ఆ రెట్ట నీళ్లు పొలాలకు పారితే పంట ఏపుగా వస్తుందని అక్కడి రైతులకు తెలుసు. అందుకే ఆ గూళ్ల జోలికి ఎవరినీ పోనివ్వరు. డాలు మీద రెట్ట వేసిన గూడబాతును గీసే హెరాల్డు ఇంకా పుట్టలేదు గానీ, పక్షిని కాపాడింది మాత్రం ఆ అర్థమే.

ఇంగ్లండులో కార్న్‌వాల్ వాళ్లకు చఫ్ అనే ఎర్రముక్కు కాకి ప్రాణం. 1939లో జిల్లా లాంఛనం మీదికి ఎక్కించారు. 1973లో అక్కడి ఆఖరి చఫ్ చచ్చిపోయింది. 2001లో కొన్ని వాటంతట అవే ఎగిరొచ్చేదాకా ఆ పక్షి కాగితాల మీదే బతికింది. మారిషస్ అయితే ఈ తంటా కూడా పెట్టుకోలేదు. డచ్చివాళ్లు దిగాక 17వ శతాబ్దంలోనే డోడో అంతరించింది. 1906లో ఇంగ్లీషువాళ్లు ఆ దీవికి లాంఛనం తయారుచేస్తూ డాలుకు ఒకవైపు డోడోను నిలబెట్టారు, రెండోవైపు దుప్పిని. ఆ దీవికి దుప్పుల్ని ఓడల్లో తెచ్చి వదిలింది కూడా డచ్చివాళ్లే. అంటే ఉన్నదాన్ని చంపారు, లేనిదాన్ని తెచ్చారు, రెంటినీ ద్వారపాలకుల్ని చేశారు. కోరంగి రేవు నుంచి చెరకు తోటల్లో పనికని ఓడలెక్కిన మన వాళ్ల మునిమనవళ్లు ఇవాళ ఆ డోడో ఉన్న పాస్‌పోర్టు పట్టుకుని తిరుగుతున్నారు. దాని పక్కన చెరకు కొట్టిన కూలీ బొమ్మ ఎందుకు లేదంటే, లాంఛనాల్లో బతికున్న వాళ్లకు చోటు దొరకడం కష్టం. చెరకు గడలకు మాత్రం డాలు వెనకే చోటిచ్చారు.

మన ఇంటి సంగతి. రాష్ట్రం విడిపోయాక 2014లో తెలంగాణ పాలపిట్టను ఉంచుకుంది. 2018లో ఆంధ్రప్రదేశ్ రామచిలుకను ఎంచుకుంది. ఆస్తుల పంపకాలు తెమలకపోయినా పిట్టల పంపకం మాత్రం ఏ కమిటీ లేకుండా జరిగిపోయింది. దసరా నాడు పాలపిట్టను చూస్తే జయమని మన నమ్మకం. పొలాల వెంట పోయి, తీగ మీద వాలినదాన్ని ఓపిగ్గా వెతికి చూసే తీరిక ఎవరికుంది? అందుకని కొందరు దాన్ని ముందే పట్టి, రెక్కలు కట్టి, పంజరంలో పెట్టి వీధి వీధికీ తెస్తారు. డబ్బులిచ్చి దర్శనం చేసుకుంటాం, ఎగరలేని పక్షిని చూసి విజయం కోరుకుంటాం. అది 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. రామచిలుకను పట్టి పంజరంలో పెట్టడమూ నేరమే. అయినా రైల్వే స్టేషన్ల బయట, సంతల్లో, గుడి మెట్ల దగ్గర రాష్ట్ర పక్షి గారు రెక్కలు కత్తిరించుకుని పంజరంలోంచి బుడిబుడి నడకలతో బయటికొచ్చి, వరసగా పేర్చిన కార్డుల్లో ఒకటి ముక్కుతో లాగి, ఓ గింజ తీసుకుని లోపలికి పోతున్నారు. ఆ కార్డు మీది బొమ్మకు అర్థం యజమాని చదువుతాడు. లండన్‌లో వేల పౌండ్లు పోసినవాడికి చెప్పే అర్థమే ఇక్కడ పది రూపాయలకు చెబుతాడు: మీది రాజయోగం బాబూ, నలుగురూ మిమ్మల్ని చూసి కుళ్లుకుంటున్నారు, ఇంకో ఇరవై ఇస్తే శాంతి కూడా చెప్పేస్తాను.